దొరగారి పూలతోటకి దుబాయ్ వీసా

చలి కావాలనుకునేవాళ్ళు కొండలెక్కుతారు. ఎండ కావాలనుకునేవాళ్ళు దుబాయ్ వస్తారు. కొండల మీది చలిని, దాంతోపాటు అక్కడి పూలతోటని మూటగట్టి దుబాయ్‌కి తెచ్చిపెట్టమని అడిగే మహానుభావులు కూడా లోకంలో ఉన్నారు. అలాంటాయన ఒకరు మా కంపెనీకి క్లయింటుగా దొరికారు. ఆయన పుణ్యమా అని ఈ ఏడాది మార్చిలో నేను శ్రీలంక వెళ్ళొచ్చాను. ఇది వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళొచ్చినవాళ్ళు చదివితే తప్పులు పడతారు, కాబట్టి వాళ్ళు చదవకపోయినా నాకేం బాధ లేదు.

అల్ ఖూజ్‌లో ఆజ్ఞ

నాది కడియం దగ్గర కడియపులంక. గోదావరి పక్కన, ఊరు ఊరంతా నర్సరీలే. మా ఇంట్లో పిల్లలకి నడక కంటే ముందు అంటు కట్టడం వస్తుందని మా అమ్మ గొప్పలు చెబుతుంటుంది. ఆ విద్యే నన్ను దుబాయ్ చేర్చి, అల్ ఖూజ్‌లో ఒక తోటల కంపెనీకి సూపర్‌వైజర్‌ని చేసింది. ఎడారిలో పచ్చదనం పెంచడం మా పని అని కంపెనీ బోర్డు మీద రాసి ఉంటుంది. నిజానికి నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో వెతుక్కోవడం మా పని.

మన క్లయింటు జుమైరాలో టీ లాంజ్ పెడుతున్నారు. పెళ్ళైన కొత్తలో శ్రీలంక కొండల్లో ఏదో తెల్లదొర కట్టించిన బంగళాలో దిగారట. ఆ తోటలో కూర్చుని టీ తాగారట. ఆ పూట వాళ్ళావిడ ఆయన్ని చూసి నవ్విందట. అప్పట్నుంచి ఆవిడ మళ్ళీ నవ్వలేదో ఏమో తెలీదు గానీ, ఇప్పుడు ఆ తోటే, ఆ నీలం పూలే, తన లాంజ్ పెరట్లో పన్నెండు నెలలూ ఉండాలని పట్టుబట్టారు. ఆ నీలం పూల పేరు హైడ్రాంజియా. కాస్త ఎండ తగిలితే చాలు, తల వాల్చేసే జాతి. జుమైరాలో ఆగస్టులో చన్నీళ్ళ కుళాయి తిప్పినా చెయ్యి కాలుతుంది.

ఇక్కడే కూర్చుని చెప్పేస్తాను, అవదు అన్నాను. మా ముదీర్, అంటే మా మేనేజరు, టికెట్ బుక్ అయిపోయింది హబీబీ, వెళ్ళి చూసొచ్చి అప్పుడు చెప్పు అన్నాడు. కంపెనీలో టికెట్ బుక్ అయ్యాక బుద్ధితో పనిలేదు.

నవ్వుతూ వెళ్ళిపోయేవాణ్ణే. కానీ మధ్యలో గంగారాం ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, మా దగ్గర ఫోర్‌మన్. రోడ్ల మధ్య మొక్కలు చూసే కాంట్రాక్టు మా చెయ్యిజారి వేరే కంపెనీకి పోయింది. దాంతో గంగారాంకీ అతని గ్యాంగుకీ పని లేదు. మేలో వాళ్ళ వీసాలు అయిపోతాయి. లాంజ్ తోట మనకి వస్తే రెన్యువల్, రాకపోతే ఖలాస్, ఇంటికి టికెట్ అని ముదీర్ తేల్చేశాడు. గంగారాం కూతురు కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్ళ చదువుంది.

అంటే లెక్క ఇదీ. అవదని నిజం చెబితే గంగారాం ఇంటికి పోతాడు. అవుతుందని అబద్ధం చెబితే జూన్‌కల్లా తోట మాడిపోయి, గంగారాంతోపాటు నేనూ ఇంటికి పోతాను. నేను బయల్దేరేముందు అతనే నా గది దాకా వచ్చాడు.

"అన్నా, నువ్వు మొక్కల మనిషివి. సూసి రా. అయితే అయితదను, కాకుంటే కాదను. కానిదాన్ని మాత్రం నా కోసమని అయితదని చెప్పకు. మల్ల అందరం ఆగమైతం."

ఇలా మాట్లాడే మనిషికి సాయం చెయ్యడం ఎంత కష్టమో మీకు తెలియాలి.

విమానంలోనూ, కారులోనూ

విమానం నిండా ఇళ్ళల్లో పనిచేసి సెలవు మీద ఇంటికి పోతున్న ఆడవాళ్ళే. నా పక్కసీటావిడ షార్జాలో ఒక ఇంట్లో పదేళ్ళుగా వంట చేస్తోందట. ఎందుకెళ్తున్నావని అడిగింది. పూలు చూడ్డానికి అన్నాను. మా ఊళ్ళో పని లేక మేం మీ దగ్గరకొస్తే, మీకు అక్కడ పని లేక మా పూలు చూడ్డానికి వస్తున్నారా అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇదే నా పని అని చెబితే మరీ నవ్వింది. కొలంబోలో దిగేటప్పుడు వెనక సీటువాళ్ళకి కూడా నన్ను చూపించి చెప్పింది.

కారు నడిపిన నిమల్ కూడా మన బాపతే. దుబాయ్ జెబెల్ అలీలో గోదాములో చాలాకాలం ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, ఆ సొమ్ముతో ఈ కారు కొనుక్కున్నాడు. అతనికి తెలుగు రాదు, నాకు సింహళం రాదు. ఇద్దరికీ దుబాయ్ లేబర్ క్యాంపుల హిందీ వచ్చు. పెషావర్ వాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో గోదావరి వాడూ కొలంబో వాడూ కష్టసుఖాలు చెప్పుకుంటూ కొండలెక్కడం చూసి తీరాల్సిన దృశ్యం. చూసేవాళ్ళు ఎవరూ లేరు గనక నేనే చెబుతున్నాను.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో అన్నం తిన్నాం. పప్పు మన పప్పే, కొబ్బరిపాలు ఎక్కువ. పనసకాయ కూర మా పెద్దమ్మ వండినట్టే ఉంది. ఎర్రటి కొబ్బరి పచ్చడి వేశారు. అబ్బో, ఏం రుచి. మూడుసార్లు అడిగి వేయించుకున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే నిమల్ మెల్లగా చెప్పాడు, అందులో ఎండుచేపల పొడి వేస్తారని. ఆ రోజు శనివారం. మా ఇంటావంటా శనివారం నీచు ముట్టరు. దేశం కాని దేశంలో వెంకన్నబాబు పట్టించుకోడులే అని నిమల్ ఓదార్చాడు. పట్టించుకున్నాడో లేదో సోమవారం తెలిసింది.

రాజుల చెట్లు

కాండీ దగ్గర పేరదేనియలో పెద్ద తోట ఉంది. తెల్లవాళ్ళు ఏ దేశం పట్టుకున్నా ముందు జైలు, తర్వాత గుర్రప్పందేల మైదానం, ఆ తర్వాత ఇలాంటి తోట పెడతారేమో అనిపిస్తుంది. బారులు తీరిన తాటిజాతి చెట్లు, నాలుగిళ్ళంత మర్రిజాతి చెట్టు ఒకటి, దాని కిందే ప్రేమికులు. చూడ్డానికి నిజంగా గొప్పగా ఉంది, ఆ మాట దాచను. పరదేశీయులకి టికెట్ మాత్రం ఊరివాళ్ళకి పెట్టినదానికంటే ఎన్నో రెట్లు. నేను నల్లగానే ఉన్నాను కదా, ఊరివాడి టికెట్ ఇమ్మని నిమల్‌తో అడిగించాను. నోరు తెరవమన్నారు. తెరిచాను. పరదేశీయుల టికెట్ ఇచ్చారు.

ఒకచోట వరసగా చెట్లు, ప్రతి చెట్టు ముందూ ఒక పలక. ఈ చెట్టు ఫలానా రాజుగారు నాటారు, ఇది ఫలానా యువరాణి నాటింది. చక్కగా బలిసి ఉన్నాయి. రాజుగారు పారతో ఒక చెంచాడు మట్టి వేసి, చేతులు కడుక్కుని, ఓడెక్కి వెళ్ళిపోయి ఉంటారు. ఆ తర్వాత వందేళ్ళు నీళ్ళు పోసినవాళ్ళకి పలక లేదు. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మా కంపెనీ బోర్డు మీద కూడా గంగారాం పేరు లేదు.

ఫోటోలు తీసి ముదీర్‌కి పంపాను. పూలు లేవేం అని జవాబొచ్చింది.

టీ కొండల్లో

నువర ఎలియ చేరేసరికి నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. దుబాయ్‌లో ఏసీ చలి తప్ప వేరే చలి ఎరగని ఒళ్ళు. నిమల్ తన భార్య స్వెటర్ ఇచ్చాడు. గులాబీ రంగు. నాకు సరిపోయింది, దాన్ని గురించి ఇంక మాట్లాడను.

ఊరు మాత్రం తమాషాగా ఉంటుంది. ఎర్ర ఇటుకల పోస్టాఫీసు, గోల్ఫ్ మైదానం, గుర్రాల మైదానం, పొగగొట్టాల ఇళ్ళు. తెల్లవాళ్ళకి ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చినప్పుడల్లా ఒకటి కట్టుకున్నట్టున్నారు. మేమూ దుబాయ్‌లో, కరామా గదుల్లో ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తాం, కానీ మాకు మంచం అద్దెకిచ్చిన ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు.

చుట్టూ కొండలన్నీ టీ పొదలే. రోడ్డు మలుపులో చీర, బుట్ట అద్దెకిస్తున్నారు. కట్టుకుని, బుట్ట తగిలించుకుని, నాలుగాకులు గిల్లుతున్నట్టు ఫోటో దిగొచ్చు. జనం వరస కట్టారు. అక్కడికి కాస్త పైన, నిజంగా ఆకు కోసే ఆడవాళ్ళు నడుముకి గోనె కట్టుకుని, జారే వాలులో వంగి కోస్తున్నారు. అటువైపు ఒక్క కెమెరా కూడా తిరగలేదు. వాళ్ళలో ఒకావిడ నిలబడి నడుము పట్టుకుని, మళ్ళీ వంగింది. నాకు మనసు పాడైపోయింది. జోకులు వెయ్యాలని కూడా అనిపించలేదు.

సాయంత్రం అసలైన కొండ టీ తాగుదామని కొట్టుకెళ్ళాను. రంగునీళ్ళల్లా ఉంది. పాలు పోసి, యాలక్కాయ దంచి, చిక్కగా మరిగించమన్నాను. కొట్టువాడు నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశాడు. మంచి ఆకంతా ఓడలెక్కిపోతుందట, మిగిలిన పొడి మనలాంటివాళ్ళకట. ఆ పొడినే కరామాలో దిర్హంకో గ్లాసు మరిగించి పోస్తారు, ప్రాణం లేచొస్తుంది. దొరల టీ దొరలకే ఉంచుకోమన్నాను.

రాత్రి గంగారాం ఫోన్ చేశాడు. ఏమాయె అన్నా అని అడిగి, నేను తడుముకుంటుంటే తనే మాట మార్చి చలి ఎట్లున్నదని అడిగాడు. గులాబీ స్వెటర్ సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. అతను నవ్వినకొద్దీ నాకు భయం పెరిగింది, ఎందుకంటే ఆ చల్లటి మట్టి, ఆ మంచు, ఆ గాలి చూశాక నాకు జవాబు తెలిసిపోయింది. అవదు.

దొరగారి బంగళా

సోమవారం పొద్దున్న క్లయింటు చెప్పిన బంగళాకి వెళ్ళాం. ఒకప్పుడు టీ తోట దొరగారిది, ఇప్పుడు హోటలు. వరండాలో కూర్చుంటే తెల్ల చేతితొడుగులు వేసుకున్నాయన మూడంతస్తుల పళ్ళెం తెచ్చాడు. పైన కేకు, మధ్యలో బన్ను, కింద దోసకాయ ముక్క పెట్టిన రొట్టె. మా ఊళ్ళో పిల్లని చూడ్డానికొచ్చినవాళ్ళకి రొట్టెలో దోసకాయ పెట్టిస్తే సంబంధం అక్కడే తప్పిపోతుంది. దీని ఖరీదుకి కరామాలో వారం రోజులు భోజనం చెయ్యొచ్చు. బిల్లు కంపెనీది గనక దోసకాయని గౌరవంగా తిన్నాను.

వరండా కింద ఉంది ఆ తోట. నిజం చెప్పాలంటే క్లయింటు మీద కోపం పోయింది. నీలం హైడ్రాంజియాలు గుత్తులు గుత్తులుగా, వాటి వెనక గులాబీలు, వెనకాల మంచులో పెద్ద సైప్రస్ చెట్టు. వాళ్ళావిడ ఎందుకు నవ్విందో అర్థమైంది. ఒక్క వాడిన పువ్వు లేదు, ఒక్క పండుటాకు లేదు. కడియం వాడికి అక్కడే అనుమానం రావాలి. రాలేదు. దానికి బదులు పాత జబ్బు వచ్చింది.

మా ఊరివాళ్ళకో జబ్బుంది. పెళ్ళికెళ్ళినా, ఆస్పత్రికెళ్ళినా, ఎక్కడైనా కొత్త మొక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఒక కొమ్మ తుంచి, తడి రుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకుంటాం. మా బాబాయి ఒకసారి గృహప్రవేశానికెళ్ళి కొబ్బరికాయ ఇచ్చి, మూడు రకాల క్రోటన్లు తెచ్చాడు. దొంగతనం అని మాకు తోచదు. విత్తనం ఎక్కడిదని ఎవరడుగుతారు?

అటూ ఇటూ చూశాను. నిమల్ ఫోన్లో ఉన్నాడు. వంగి, పువ్వులేని ఒక రెమ్మ పట్టుకుని, మా పద్ధతిలో కిందికి ఒక్క గుంజు గుంజాను. రెమ్మ విరగలేదు. మొక్క మొక్కంతా, కింద నల్ల ప్లాస్టిక్ కుండీతో సహా, ఊడి నా చేతికొచ్చింది. నేను వెనక్కి వెల్లకిలా పడ్డాను. గులాబీ స్వెటరు, ఒళ్ళో నీలం పూలకుండీ, చుట్టూ టీ తాగుతున్న దొరలు. నా పరువు అక్కడికక్కడే గంగలో కలిసింది.

రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ వచ్చి నా ముందు నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు సెల్వి అని తర్వాత తెలిసింది. ఆ తోట మేనేజరు, అక్కడి టీ తోట కూలీల లైన్ ఇళ్ళల్లోనే పుట్టిన తమిళావిడ. అరవలేదు. ఎక్కణ్ణుంచి వచ్చావని ఇంగ్లీషులో అడిగింది. దుబాయ్ నుంచని చెప్పాను. దుబాయ్‌లో కొమ్మలు ఇలాగే కోస్తారా అంది. లేదండీ, ఇది మా ఊరి పద్ధతి అన్నాను. మీ ఊళ్ళో కుండీలు కూడా ఎత్తుకుపోతారా అంది. కుండీ పక్కన పెట్టి లేచాను.

అప్పుడు చూశాను, ఆ గుంటలో. మట్టి లేదు. గుంటలో ఇంకో ఖాళీ కుండీ పాతి ఉంది, గ్లాసులో గ్లాసు పెట్టినట్టు దాంట్లో ఈ కుండీ. పక్కదాన్ని కదిపాను. అదీ కుండీయే. గులాబీలూ కుండీలే. తోట మొత్తం కుండీలే!

ఓరి వీళ్ళ దుంపతెగ అని పైకే అనేశాను. సెల్విగారికి భాష అర్థం కాకపోయినా భావం అర్థమైనట్టుంది. మొక్కని మళ్ళీ నాచేతే పెట్టించి, దీని డ్యూటీ ఆదివారం దాకా ఉంది, మధ్యలో సెలవు లేదు అంది. తర్వాత నన్ను వంటింటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ నీడ వలల కింద వందల కుండీలు. అలిసిపోయినవి ఒక వరస, కోలుకుంటున్నవి ఒక వరస, మొగ్గతో సిద్ధంగా ఉన్నవి ఒక వరస. వరండా కింద సైప్రస్ వేళ్ళు పాకి ఏ మొక్కా నిలవదట. దొరసాని కాలంలో కూడా నిలవలేదట. అతిథులొచ్చే వేళకి పూలు ఉండి తీరాలని దొరసాని అప్పుడు మట్టికుండలతో మొదలుపెట్టిన ఏర్పాటే ఇప్పుడు ప్లాస్టిక్‌లో నడుస్తోంది.

నాకు నవ్వాగలేదు. మా కడియంలో పెళ్ళిళ్ళకి కుండీలు అద్దెకిస్తాం. లారీలో రాజమండ్రి కళ్యాణమండపాలకి పంపి, ముహూర్తం అయ్యాక వాడిన మొహాలతో తిరిగొస్తే నీడన పెట్టి మళ్ళీ నిలబెడతాం. అది మా తెలివి అనుకుంటూ ఇన్నాళ్ళూ మీసం తిప్పుకున్నాం. దొరసాని అంతకుముందే అదే వ్యాపారం చేసి, దానికి ఇంగ్లీషు తోట అని పేరు పెట్టుకుంది.

జుమైరాలో అవుతుంది. చల్లటి షెడ్డులో మొక్కలు పెంచి, పూలున్న కుండీలు తెచ్చి పెట్టి, రెండ్రోజులకి వాడినవి పట్టుకుపోతే, అవుతుంది. సంతోషం పట్టలేక సెల్విగారికి అంతా చెప్పేశాను. క్లయింటు, మే నెల, గంగారాం, నర్సింగ్ చదివే కూతురు. ఆవిడ శ్రద్ధగా విని ఒక్క మాట అడిగింది.

"వేసవిలో ఆ కుండీలు మోసేది ఎవరు?"

నా నవ్వు ఆగిపోయింది. మోసేది గంగారాం గ్యాంగు. జూలై ఎండలో, అటు కుండీ ఇటు, ఇటు కుండీ అటు, రెండ్రోజులకోసారి తోట తోటంతా. వీసా ఇప్పించడమంటే వాళ్ళని ఆ ఎండలో నిలబెట్టడమే. ఈ సంగతి నాకు తట్టనే లేదు, అందుకు సిగ్గేసింది.  నేను వెళ్ళేటప్పుడు సెల్విగారు ఒక కొమ్మ తనే కోసి, తడిగుడ్డ చుట్టి ఇచ్చింది.

ముదీర్‌తో మాట

కారులో కూర్చుని చాలాసేపు ఆలోచించి ముదీర్‌కి ఫోన్ చేశాను. అవుతుంది, అచ్చం దొరల కాలపు పద్ధతిలో చేద్దాం అన్నాను. ఆ మాటకే ఆయన పొంగిపోయాడు. కానీ ఈ మొక్కలు చాలా సుకుమారం, షరతులున్నాయి అన్నాను. షెడ్డులో పగలూ రాత్రీ ఏసీ ఉండాలి. కుండీలు మార్చే బండికీ ఏసీ ఉండాలి. మార్చడం తెల్లారకముందే అయిపోవాలి, ఎండ సోకితే పూలు పోతాయి. పగలంతా షెడ్డులో మొక్కల పక్కనే మనుషులుండాలి, ఆకులు తుడవాలి, చూసుకోవాలి. గ్యాంగు మొత్తం కావాలి, ఒక్కణ్ణి కూడా తగ్గించడానికి లేదు.

నేనడిగింది మనుషుల కోసమే. ఆ మాట నోటితో అంటే బడ్జెట్ అని ఒక మీటింగు, పాలసీ అని ఇంకో మీటింగు అయ్యేవి. మొక్కల కోసమనేసరికి మాట పూర్తి కాకముందే ఓకే హబీబీ అన్నాడు. ఏసీ ఇంకొంచెం పెంచమంటావా అని కూడా అడిగాడు. నాకు ఏడుపొచ్చిందో కోపమొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

గంగారాంకి చెప్పాను.  "నిజంగనే అయితదా అన్నా, నా కోసమని అంటున్నవా?" అన్నాడు. కుండీ ఒళ్ళో పెట్టుకుని పడిపోయిన కథ మొత్తం చెబితే అప్పుడు నమ్మాడు.

జుమైరా, ఆగస్టు

లాంజ్ తెరిచారు. గుమ్మం దగ్గర బోర్డు మీద దొరల కాలపు కొండ తోట అని బంగారు అక్షరాలతో రాశారు. జనం పూల ముందు ఫోటోలు దిగుతున్నారు. మా క్లయింటు భార్య కూడా వచ్చిందట. నవ్విందో లేదో నాకు రిపోర్టు రాలేదు. సెల్విగారు ఇచ్చిన కొమ్మ మాత్రం నేను తెచ్చిన మూడో రోజే వాడిపోయింది. కడియం వాడి చేతిలో కొమ్మ వాడడం ఇదే మొదలు, ఎవరికీ చెప్పకండి.

మేలోనే గంగారాంకీ గ్యాంగుకీ వీసాలు పడ్డాయి. కూతురి కాలేజీ మళ్ళీ తెరిచారు. మొన్న మిట్టమధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. బయట కారు తలుపు పిడి ముట్టుకోలేని ఎండ. తలుపు తోసి లోపలికెళ్ళేసరికి ఒళ్ళు జివ్వుమంది. నీలం పూల వరసల మధ్య చాప పరుచుకుని, గ్యాంగంతా అన్నం డబ్బాలు విప్పి తింటున్నారు. గంగారాం నాకూ ఒక చపాతీ, ఇంత పచ్చిపులుసు పెట్టి, పక్కన చోటిచ్చాడు. అప్పుడే ముదీర్ వచ్చి వెళ్ళాడని చెప్పాడు. ఏమన్నాడని అడిగాను.

"మొక్కలు మంచిగున్నయా అని అడిగిండు. మంచిగున్నయి సార్ అన్న. మమ్ముల ఎవ్వలు అడగలే గని అన్నా, మేం గూడ మంచిగనే ఉన్నం."